ట్రాప్‌లో సున్నా: మౌయి కొండ అడవిలో కివికియు కేసు

2019 అక్టోబరులో హవాయి దీవుల్లోని మౌయిలో 14 పిట్టల్ని ఒక కొత్త అడవికి తరలించారు. వాటిలో ఏడు అడవిలో వల వేసి పట్టినవి, ఏడు పెంపక కేంద్రం నుంచి తెచ్చినవి. ఆ పిట్ట పేరు కివికియు. మౌయి దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కొత్త చోట ఇంకో గుంపు నిలదొక్కుకుంటే జాతి బతుకుతుందన్న ఆశతో ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న కార్యక్రమం అది. కొన్ని వారాలు తిరక్కుండానే పిట్టలు చనిపోవడం మొదలైంది. కోసి చూస్తే కారణం మలేరియా అని తేలింది. దాన్ని అంటించింది క్యూలెక్స్ క్విన్క్వెఫేసియేటస్ అనే దోమ. మన మురుక్కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పుట్టి, మనకు బోదకాలు అంటించే దోమ కూడా ఇదే.

ఈ కేసు గురించి రాయడానికి నాకున్న అర్హత ఆ దోమే. నేను పక్షి శాస్త్రవేత్తను కాదు, దోమల మీద పనిచేసేవాణ్ని. కోనసీమ వైపు ఫైలేరియా పనిలో కొన్నేళ్లు తిరిగాను. తర్వాత చదువు మీద, ఆపైన ఉద్యోగం మీద హవాయికి వచ్చాను. నేను మౌయిలో దిగేసరికి ఆ 14 పిట్టల కథ ముగిసిపోయింది. నాకు అందింది రిపోర్టులు, వాటిని దగ్గరుండి చూసిన సహోద్యోగుల మాటలు, కొత్తగా మొదలవుతున్న దోమల పని. నాకు అర్థమైనంతలో ఈ కేసు మొత్తం ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ట్రాప్‌లో దోమ పడకపోతే అడవిలో దోమ లేనట్టేనా?

పిట్ట

కివికియు పిచ్చుకంత ఉంటుంది. బరువు 20 నుంచి 25 గ్రాములు. వీపు ఆకుపచ్చ, పొట్ట పసుపు, కంటి మీద పసుపు గీత. చూడగానే కళ్లు నిలిచేది మాత్రం ముక్కు మీదే. చిలక ముక్కులా పైభాగం వంకీ తిరిగి, కిందిది ఉలిలా ఉంటుంది. కింది ముక్కును ఎండు కొమ్మలో గుచ్చి, పైముక్కుతో పట్టి, మెడ తిప్పి చీలుస్తుంది. లోపలున్న పెంకుపురుగు పిల్లను లాగి తింటుంది. చిన్నప్పుడు మా పెద్దమ్మ కత్తిపీట మీద కొబ్బరి పుల్లలు చీలుస్తుంటే వచ్చే చప్పుడుంది చూడండి, దాదాపు అలాంటిదే వినిపిస్తుంది. పొగమంచులో పిట్ట కనిపించకపోయినా, ఆ చిటపటని బట్టి ఎక్కడుందో చెప్పొచ్చని ఇక్కడ పాతకాపులు అంటారు. అది నిజమే.

దీనికి మూలవాసులు పెట్టుకున్న అసలు పేరు కాలంలో పోయింది. ఇప్పుడు పిలుస్తున్న పేరు 2010లో హవాయి భాషా పండితులు పెట్టింది. 'కివి' అంటే వంకర, ముక్కుని బట్టి వచ్చింది. 'కియు' అంటే గూఢచారి అనీ, చలిగాలి అనీ రెండర్థాలు. చలి అడవిలో చడీచప్పుడు లేకుండా తిరిగే పిట్టకి సరిగ్గా అతికిన పేరు.

ఈ పిట్ట సంతానం చాలా నెమ్మది. గూట్లో సాధారణంగా ఒక్కటే గుడ్డు. ఆ ఒక్క పిల్ల కూడా కొమ్మ చీల్చడం నేర్చుకునేదాకా నెలల తరబడి తల్లిదండ్రుల వెంటే తిరుగుతుంది. గాలివానకి గూడు పడిపోతే ఆ శ్రమంతా పోయినట్టే. 2017 నాటి సర్వే లెక్కలో మొత్తం జాతి సుమారు 157. లెక్కలో పొరపాటుకి ఇరువైపులా చాలా చోటుంది, 44 కూడా కావచ్చు, 312 కూడా కావచ్చు. 2022లో నిపుణులు వేసిన అంచనా ప్రకారం ఏమీ చేయకుండా వదిలేస్తే 2027 నాటికి అడవిలో కివికియు ఉండదు. ఈ మాట రాస్తుంటే నాకు చెయ్యి ఆగుతుంది. కానీ పనిలో ఉన్నవాళ్లు ఈ సంఖ్యని గోడ మీద రాసుకోవాల్సిందే.

ఆ అడవే ఎందుకు

ఇప్పుడు కివికియు మిగిలింది హలెయాకలా అగ్నిపర్వతం ఈశాన్య వాలులో, ఏడాది పొడవునా వాన కురిసే హనవి, వైకమోయి ప్రాంతాల్లోనే. చాలామంది అది దాని సొంత ఇల్లు అనుకుంటారు. కాదు. పాత ఎముకలు దొరికిన చోట్లు చూస్తే, ఒకప్పుడు ఇది పక్కనున్న మొలొకాయి దీవిలో ఉండేది, మౌయిలో పొడిగా ఉండే అడవుల్లోనూ ఉండేది. ఇప్పుడున్న వాన అడవి దానికి మిగిలిన చివరి మూల. అక్కడ గాలివానలకు గూళ్లు నిలవవు.

అందుకని కొండ అవతలి వైపు, గాలివాన తక్కువగా ఉండే నకులా అనే రక్షిత ప్రాంతాన్ని ఎంచుకున్నారు. అక్కడి కోఆ అడవిని మేకలు, పశువులు వందేళ్లకు పైగా మేసి బోడి చేశాయి. కోఆ మన తుమ్మ కుటుంబపు చెట్టే, కాకపోతే మానుకట్టి పెద్దగా ఎదుగుతుంది. కంచె వేశారు, మేకల్ని బయటికి పంపారు, ఏళ్ల తరబడి మొక్కలు నాటారు. కోఆ కొమ్మల్లో కివికియుకి కావలసిన పురుగులున్నాయి. మేత, చెట్టు, వాతావరణం మూడూ సరిపోయాయి. దోమల సంగతి కూడా చూశారు. అంతకుముందు చేసిన పరిశీలనల్లో అక్కడ ప్రమాదం తక్కువే అనిపించింది.

నా కేసు మొదలయ్యేది ఆ 'తక్కువే' అన్న మాట దగ్గర.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆ తరలింపు తప్పు నిర్ణయమని నేను అనుకోను. ఉన్నచోటే ఉంచితే జాతి కరిగిపోతుందని తెలిసి, ఉన్న సమాచారంతో చేయగలిగింది చేశారు. తర్వాత జరిగింది దాచకుండా రాసి అందరి ముందు పెట్టారు. ఆ నిజాయితీ లేకపోతే ఈ రోజు మేం చేస్తున్న పనికి పునాదే ఉండేది కాదు.

ఏం జరిగింది

పిట్టల్ని హెలికాప్టర్‌లో తెచ్చి, ముందు అడవిలోనే కట్టిన పంజరాల్లో కొన్నాళ్లు ఉంచి వదిలారు. నెల తిరిగే లోపే జబ్బు లక్షణాలు, చావులు. కొన్ని శవాలు దొరికాయి, కొన్ని పిట్టలు కనిపించకుండా పోయాయి. పని ఆపేశారు.

పక్షి మలేరియా పిట్టని ఎలా చంపుతుందో నేను స్లైడ్ మీద చూశాను. మనవైపు మలేరియా ల్యాబుల్లో జేఎస్‌బీ స్టెయిన్ అనే రంగు వేసి రక్తపు స్లైడ్లు చూడటం నాకు అలవాటు. మన ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, చదునుగా ఖాళీగా కనిపిస్తుంది. పిట్ట రక్తకణం అలా కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండి, నడుమ ముదురు రంగులో కేంద్రకం ఉంటుంది. ప్లాస్మోడియం రెలిక్టమ్ అనే పరాన్నజీవి అందులో చేరి పెరిగేకొద్దీ ఆ కేంద్రకాన్ని పక్కకి నెట్టేస్తుంది. మొదటిసారి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, ఇంట్లోవాళ్లని గోడవారకి తోసేసి నడింట్లో పడుకున్న మనిషిలా అనిపించింది. జబ్బు ముదిరాక స్లైడ్‌లో ఏ మూల చూసినా అవే. కణాలు పగిలిపోతాయి, రక్తం పలచబడుతుంది, కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి. పిట్ట మేత మానేస్తుంది, రెక్కలు దించి ముడుచుకుంటుంది. ఇరవై గ్రాముల ఒంట్లో నిల్వ ఏముంటుంది గనక?

హవాయి పిట్టలకి ఈ జబ్బు ఇంత ఘోరంగా ఎందుకు తగులుతుందో అర్థం కావాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

హవాయి దీవుల్లో ఒకప్పుడు దోమ అనేదే ఉండేది కాదు. అక్కడి మూలవాసుల భాషలో దోమకి సొంత మాట కూడా లేదు. ఇప్పుడు వాడే 'మకిక' ఇంగ్లీషు మస్కిటో నుంచి వచ్చిందే. 1826లో వెల్లింగ్టన్ అనే ఓడ మౌయిలోని లహైనా రేవుకి వచ్చినప్పుడు, నావికులు మంచినీళ్ల పీపాలు కడగడంతో లార్వా అక్కడి నీళ్లలో కలిసిందని చెబుతారు. తర్వాత రకరకాల దేశాల పిట్టల్ని తెచ్చి వదిలారు. వాటి రక్తంలో మలేరియా వచ్చింది. దోమ ముందే సిద్ధంగా ఉంది. హనీక్రీపర్లు అని పిలిచే పిట్టల కుటుంబం లక్షల ఏళ్లుగా ఈ రెంటినీ ఎరగదు. ఆసియా నుంచి ఎగిరొచ్చిన ఒక ఫించ్ జాతి నుంచి పుట్టి, దీవి దీవికీ మారి, 50కి పైగా జాతులైన కుటుంబం అది. ఇప్పుడు మిగిలినవి 17. మూలవాసుల రాజులు కప్పుకున్న ఎర్ర ఈకల దుప్పట్లకి ఈకలిచ్చిన ఇఈవి కూడా ఈ కుటుంబమే. ప్రయోగంలో మలేరియా ఉన్న దోమ ఒక్కసారి కుడితే చాలు, నూటికి 90 ఇఈవిలు చనిపోయాయి.

ఒక తెలుగువాడిగా ఈ అడవిలో నాకు ఇంకో బాధ ఉంది. ఇక్కడి పిట్టలకి శత్రువులని జాబితా రాస్తే సగం మన ఊరి జీవులే. చెరుకు తోటల్లో ఎలకల కోసం 1883లో తెచ్చి వదిలిన ముంగిస. ఎక్కడ చూసినా గోరింక. చిగుళ్లు మేసి అడవిని బోడి చేసే చుక్కల దుప్పి. పొలం గట్టు మీద గోరింకని చూసి సంతోషించిన కళ్లతోనే ఇక్కడ దాన్ని చూడాలంటే మొదట్లో చాలా కష్టమైంది.

దోమ సంబంధం ఇంకా లోతైనది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారన్నది మనందరికీ తెలుసు, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. చాలామందికి తెలియనిది ఆ తర్వాతి సంవత్సరం. 1898లో కలకత్తాలో ఆయనకి మనుషుల మీద పని కుదరక పిట్టల మీదికి మళ్లారు. పిచ్చుకల్లో ఉండే మలేరియాని క్యూలెక్స్ దోమలతో కుట్టించి, దోమ లాలాజల గ్రంథుల దాకా పరాన్నజీవి ప్రయాణాన్ని పూర్తిగా పట్టుకున్నారు. మలేరియా దోమకాటుతో వస్తుందని ప్రపంచానికి రుజువు చేసింది పిట్టల మలేరియానే. సికింద్రాబాద్‌లో మొదలైన ఆ దారిలోనే నడిచి నేను ఇక్కడికొచ్చానని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

చలి గీత

కొండ మీద పిట్టల్ని ఇన్నాళ్లు కాపాడింది చలి. ఉష్ణోగ్రత 13 డిగ్రీలకి దిగితే దోమ ఒంట్లో పరాన్నజీవి ఎదుగుదల ఆగిపోతుంది. దోమ బతికున్నా జబ్బు అంటించలేదు. సుమారు 1500 మీటర్ల పైన ఇలా చల్లగా ఉండేది కాబట్టి పిట్టలు అక్కడికి చేరుకున్నాయి. భూమి వేడెక్కేకొద్దీ ఈ గీత కొండెక్కుతోంది.

మౌయి కొండ 3000 మీటర్లు దాటుతుంది కాబట్టి ఇంకా పైకి పోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ పైన ఓ ఎత్తు దాటాక తడి అడవి ఉండదు, మబ్బు అక్కడిదాకా రాదు. కింద దోమ, పైన బోడి కొండ. మధ్య సన్నని పట్టీలో కివికియు.

పక్క దీవి కవాయిలో ఆ పట్టీ కూడా లేదు, దాని శిఖరమే 1600 మీటర్లు లేదు. అక్కడి అకికికి అనే చిన్న బూడిద రంగు పిట్ట 2018 లెక్కలో 468, 2021లో 45, 2023లో అయిదు. కవాయి వాళ్లు గూళ్ల నుంచి గుడ్లు తీసి పెంపక కేంద్రంలో పొదిగించడం ముందే మొదలుపెట్టారు గనక ఆ జాతి పూర్తిగా పోలేదు. 2023 ఆగస్టులో మౌయిని కాల్చేసిన మంటలు ఆ పిట్టలున్న కేంద్రం ప్రహరీ దాకా వచ్చాయి. అక్కడి సిబ్బంది పైపులు పట్టుకుని మంటని ఆపారు.

నా తప్పు

మౌయిలో నా మొదటి సీజన్‌లో జరిగిన ఒక విషయం ఈ కేసుకి కీలకం, వివరంగా చెప్పాలి.

క్యూలెక్స్ దోమని పట్టడానికి గ్రావిడ్ ట్రాప్ వాడతాం. తొట్టెలో ఎండుగడ్డి నానబెట్టిన కంపు నీళ్లు. గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కునే ఆడదోమ ఆ వాసనకి వస్తుంది. నీటి మీదుండే చిన్న ఫ్యాన్ దాన్ని పైకి లాగి వలసంచిలో వేస్తుంది. బ్యాటరీ మీద నడుస్తుంది. ఒక లోయలో నేను చూసుకునే ట్రాప్‌లో మూడు వారాలు వరసగా సున్నా. పైన కింద ట్రాప్‌లలో పడుతున్నాయి, ఇక్కడ లేవు. షీట్‌లో సున్నా, సున్నా, సున్నా అని రాసేశాను. ఆ లోయకి చలిగాలి ఎక్కువ, అందుకే లేవేమో అని ఒక కారణం కూడా మనసులో కట్టేసుకున్నాను.

నాలుగో వారం వానవల్ల దిగడం ఆలస్యమై, చీకటి పడ్డాక ఆ లోయ మీదుగా రావాల్సి వచ్చింది. హెడ్‌లైట్ వెలుగులో చూస్తే ఫ్యాన్ ఆగిపోయి ఉంది. తేమకి టెర్మినల్ తుప్పు పట్టింది. నేను వెళ్లేది పగలు. కొత్త బ్యాటరీ తగిలించగానే ఫ్యాన్ తిరిగేది, చూసి వచ్చేసేవాణ్ని. కాసేపటికి ఆగిపోయేది. క్యూలెక్స్ తిరిగేది రాత్రి. అంటే మూడు వారాలు నేను రాసిన సున్నా దోమల గురించి కాదు, తుప్పు గురించి.

ఇది తెలిసిన క్షణంలో నాకు గుర్తొచ్చింది కోనసీమ. బోదకాలు క్రిమి పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండిపోయి, రాత్రి పూటే బయటి రక్తంలోకి వస్తాయి. అందుకే మేం రాత్రి ఎనిమిదిన్నర తర్వాత టార్చిలైట్లతో ఇంటింటికీ తిరిగి వేలికొన గుచ్చి రక్తం తీసేవాళ్లం. కుక్కలు మొరిగేవి, నిద్ర మధ్యలో లేపినందుకు జనం విసుక్కునేవారు. పగలు తీస్తే పోయేది కదా అని కొత్తలో ఒకసారి అన్నాను. మా సీనియర్ సార్ నన్ను పక్కన కూర్చోబెట్టి చెప్పారు: "పగలు తీస్తే ఊరంతా నెగెటివ్ వస్తుందయ్యా. ఆ ఆనందం మనకే, ఊరికి కాదు. స్లైడ్ నెగెటివ్ అనేముందు టైమ్ ఎంతో చూడు." ఆ మాట విని, ఏళ్ల తరబడి పాటించి, ఇక్కడ దోమ దగ్గర మర్చిపోయాను.

ఆ మూడు సున్నాలు కొట్టేసి 'ట్రాప్ పనిచేయలేదు' అని రాశాను. ఆ ఏడాది నుంచి మా షీట్‌లో దోమల సంఖ్యకి ముందు ఇంకో గడి చేర్చాం. తెల్లారి వెళ్లగానే మొదట చూసేది ఫ్యాన్ తిరుగుతోందా లేదా. తిరగకపోతే సంఖ్య గడి ఖాళీగా వదిలేయాలి, సున్నా రాయకూడదు.

నకులాలో ఫ్యాన్లు ఆగిపోయాయని నేను అనడం లేదు. అక్కడి సంగతి వేరు. దోమలు ఏడాదికో తీరున ఉంటాయి. వాన ఎప్పుడు పడింది, ఎండలు ఎలా కాశాయి, వాగు గుంటల్లో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయి, వీటన్నిటిని బట్టి ఒక ఏడు ఏమీ లేనిచోట మరుసటి ఏడు పుట్టలు పుట్టలుగా రావొచ్చు. అప్పుడు చూసిన 'తక్కువ' అప్పటిదే. దోమ తక్కువ కావడం వేరు, మలేరియా లేకపోవడం వేరు. ఒక్క కాటుకి చనిపోయే పిట్టకి 'తక్కువ' అన్న మాటకి అర్థమే లేదు.

కాబట్టి నా దృష్టిలో ట్రాప్ కన్నా నమ్మదగిన సాక్షి అక్కడే ఉండే పిట్టల రక్తం. అమాకిహి అనే పిట్ట ఉంది, అది కూడా హనీక్రీపరే. మలేరియా సోకినా వాటిలో కొన్ని బతికి బట్టకడతాయి, బతికినవి ఆ పరాన్నజీవిని జీవితాంతం రక్తంలో మోస్తాయి. వల వేసి పట్టి, రెక్క నరం నుంచి చుక్క రక్తం తీసి పరీక్షిస్తే ఆ అడవిలో జబ్బు తిరిగిందా లేదా తెలుస్తుంది. పుట్టి ఏడాది కాని పిల్లల్లో దొరికితే ఈ మధ్యే తిరిగిందని అర్థం. ట్రాప్ ఒక రాత్రి సంగతి చెబుతుంది, పిట్ట రక్తం సీజన్ సంగతి చెబుతుంది.

దోమల్ని వదలడం

ఇక్కడి అడవిలో మనవైపు పద్ధతులు పనికిరావు. ఫాగింగ్ చేస్తే కివికియు తినే పురుగులూ పోతాయి. లార్వా మందు వేద్దామంటే నీళ్ల గుంటలు ఎక్కడున్నాయో మనిషి చేరలేడు. అడవి పందులు హాపూ అనే చెట్టంత ఫెర్న్‌ని పడగొట్టి, మానులోని పిండిపదార్థం కోసం దాన్ని దోనెలా తొలిచేస్తాయి. వాన పడితే ప్రతి మానూ ఒక లార్వా తొట్టి. ఊళ్లో శుక్రవారం డ్రై డే అని తొట్లు బోర్లించినట్టు ఈ లోయల్లో ఎవరు బోర్లిస్తారు? కంచె వేసి పందుల్ని తీసేసిన చోట కొంత మేలు, అంతే.

అందుకే ఎంచుకున్నది మగదోమల్ని వదలడం. వోల్బాకియా అనే బ్యాక్టీరియా సగానికి సగం పురుగు జాతుల్లో సహజంగా ఉంటుంది. దీన్ని మొదటిసారి చూసింది 1924లో, క్యూలెక్స్ దోమలోనే. మగదోమలో ఒక రకం, ఆడదోమలో వేరే రకం వోల్బాకియా ఉంటే వాటి గుడ్లు పిల్లలు కావు. ఇది తెలిసి 1967లోనే బర్మాలో రంగూన్ దగ్గరున్న ఓక్పో అనే పల్లెలో హానెస్ లావెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇదే క్యూలెక్స్ దోమని కొన్ని వారాల్లో అణచివేసి చూపించారు. ఇప్పుడు హవాయిలో వాడుతున్నది పులిదోమ అనే వేరే జాతి దోమ నుంచి తెచ్చిన వోల్బాకియా రకం ఎక్కించిన క్యూలెక్స్. దోమ జన్యువుల్ని మార్చింది లేదు.

ల్యాబ్‌లో ఈ పని చూడటం నాకు ఎప్పటికీ కొత్తే. క్యూలెక్స్ గుడ్లు విడివిడిగా పెట్టదు. వందకి పైగా గుడ్లని నిలువుగా, ఒకదానికొకటి ఆనించి తెప్పలా కట్టి నీటి మీద వదులుతుంది. బియ్యపు గింజంత ఉంటుంది ఆ తెప్ప. మామూలు తెప్పయితే ఒకటి రెండు రోజుల్లో ప్రతి గుడ్డు అడుగునా మూత ఊడి, లార్వా తల కిందులుగా నీళ్లలోకి జారుతుంది, ఖాళీ పెంకులు తేలుతూ ఉంటాయి. మా మగదోమతో కలిసిన ఆడదోమ పెట్టిన తెప్ప కూడా చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. మూడో రోజు చూసినా మూతలు ఊడవు. నాలుగో రోజు గుడ్లు సొట్టబోతాయి. సూదితో నెడితే తెప్ప చీలి నీళ్లలో విడిపోతుంది. లోపల ఏమీ ఉండదు. చావు గురించి రాస్తున్నానని తెలుసు, కానీ అది చూస్తుంటే నాకు కివికియు గూట్లోని ఆ ఒక్క గుడ్డే కళ్లలో మెదులుతుంది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతి వచ్చాక 2023 నవంబరులో మౌయి అడవిలో వదలడం మొదలైంది. పేపరు గుజ్జుతో చేసిన గొట్టాల్లో ఒక్కోదానిలో వెయ్యి దాకా మగదోమల్ని నింపి, హెలికాప్టర్ నుంచి జారవిడుస్తారు. గొట్టం నేలలో కరిగిపోతుంది. ఇప్పుడు మౌయిలో వారానికి 5 లక్షల దాకా వదులుతున్నారు, కవాయిలోనూ మొదలైంది. 2025 నుంచి డ్రోన్లు కూడా వాడుతున్నారు. మబ్బు కమ్మేసి హెలికాప్టర్ ఎగరలేని రోజులు ఈ కొండ మీద ఎన్నో ఉన్నాయి గనక డ్రోన్ రావడం నిజంగా పెద్ద సాయం. వారం తప్పితే ఆడదోమలు అడవి మగదోమలతో కలుస్తాయి, చేసిన పని వెనక్కి పోతుంది. వర్షాకాలంలో మా టెన్షన్ అంతా ఇదే.

స్థానికులకి భయాలుండేవి, ఉన్నాయి కూడా. ఉండటం న్యాయమే. వందేళ్లుగా బయటివాళ్లు తెచ్చి వదిలినవే వాళ్ల అడవిని తినేశాయి, మళ్లీ ఇంకోటి వదులుతామంటే ఎలా నమ్మాలి? సభల్లో ఓపిగ్గా చెప్పాల్సింది ఇదే: మగదోమ కుట్టదు, ఈ దీవుల్లో పుట్టిన దోమ ఒక్కటీ లేదు గనక దోమ పోతే ఆకలితో చచ్చే స్థానిక జీవి లేదు. ఆడదోమలు పొరపాటున కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం గట్టిదే. అందుకే ఆడ మగ వేరుచేయడంలో అంత జాగ్రత్త పడతారు. మా అమ్మ కూడా ఫోన్‌లో అడిగింది, "ఏరా, దోమల్ని చంపడానికి వెళ్లావా, పెంచడానికి వెళ్లావా?" అని. మగదోమ మీసం కుచ్చులా ఉంటుంది, దానికి కుట్టే ముక్కు ఉండదమ్మా, పూలతేనె తాగి బతుకుతుంది అని చెప్పాను. కాసేపు ఆగి, "అయితే మనూళ్లో కూడా వదలొచ్చుగా" అంది. ఓక్పో పల్లెలో చేసింది మనూళ్లోని దోమ మీదే అని అప్పుడు చెప్పాను.

మళ్లీ తరలించేముందు

రేపు మళ్లీ కివికియుని కొత్త అడవికి తీసుకెళ్దామంటే నేను అడిగేవి ఇవి. కనీసం రెండు మూడు సీజన్ల దోమల లెక్క కావాలి, అందులో ఎండలు ఎక్కువ కాసిన ఏడు ఒకటైనా ఉండాలి. ఫ్యాన్ ఆగిన రాత్రుల్ని లెక్కలోంచి తీసేయాలి. అక్కడి అమాకిహి పిల్లల రక్తంలో ఆ ఏడాది మలేరియా ఉండకూడదు. మగదోమల్ని వదలడం పిట్టల్ని తెచ్చాక కాదు, బాగా ముందే మొదలై ఉండాలి, పిట్టలొచ్చాక ఆగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ లెక్క దాటితే పిట్టల్ని వెనక్కి తెచ్చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. జబ్బు బయటపడ్డాక నిర్ణయించుకుందాం అంటే ఆ సమయం ఉండదని నకులా చూపించింది. దీనివల్ల ఆలస్యమవుతుందని అంటారు, ఆ భయం నాకూ ఉంది, 157 అన్న సంఖ్య 2017 నాటిది. అయినా దోమల పని ముందు, పిట్టల పని తర్వాత అన్న వరస మారకూడదు.

నకులా కథలో ఇంకో పేజీ ఉంది. ఆ 14లో ఒక మగపిట్ట ఏడాదిన్నర దాటాక, 2021లో, అదే అడవిలో సజీవంగా కనిపించింది. అందరూ చనిపోయిందనుకున్న పిట్ట. మలేరియా సోకినా తట్టుకుని బతికి ఉండాలి. దాన్ని చూసిన సహోద్యోగి నాకు చెబుతున్నప్పుడు గొంతు పూడుకుపోయింది. కొందరు దీన్ని చూపించి, పిట్టలే నెమ్మదిగా తట్టుకోవడం నేర్చుకుంటాయి కదా అంటారు. లక్షల్లో ఉన్న జాతి అయితే ఆ మాటకి అర్థం ఉంది. నూటయాభైలో అందరూ పోయి ఒకటి మిగిలితే దానికి జత ఎక్కడ?

పోయిన వారం తెల్లవారుజామున వైకమోయి వైపు ట్రాప్‌లు చూడటానికి వెళ్లాను. అడవిలోకి అడుగుపెట్టేముందు బూట్లకి ఆల్కహాల్ కొట్టుకోవడం ఇక్కడి నియమం, ఓహియా చెట్లని చంపే శిలీంధ్రం బూట్ల మట్టితో పాకుతుంది గనక. ఓహియా మన నేరేడు కుటుంబపు చెట్టు, ఎర్రని కుచ్చుపూలు. మంచు ఇంకా విడలేదు. నాలుగో ట్రాప్ దగ్గర వంగి ఉండగా తల మీద కొమ్మ చీలుతున్న చప్పుడు వినిపించింది. కదలకుండా నిలబడ్డాను. బెరడు ముక్క ఒకటి నా టోపీ మీద పడింది, ఇంకోటి తొట్టెలోని నీళ్లలో. పిట్ట కనిపించలేదు. చప్పుడు పైకి, ఇంకా పైకి పోయి ఆగిపోయింది.

వలసంచిలో ఒక ఆడదోమ ఉంది. కప్పులో వేసి మూత బిగించాను, ల్యాబ్‌లో గుడ్లు పెడితే మూతలు ఊడతాయో లేదో చూడాలి. షీట్ తీసి మొదటి గడిలో 'ఫ్యాన్ తిరుగుతోంది' అని రాసి, రెండో గడిలో 1 వేశాను.